పాత మిలిటరీ ట్రక్కులో కరెంటు పెట్రోలు పంపు: పరీక్షలు, మరమ్మతులు – తరచుగా అడిగే ప్రశ్నలు

సికింద్రాబాద్ చుట్టుపక్కల సైన్యం వాడి వదిలేసిన బండ్ల డిస్పోజల్ వేలాల్లో నిస్సాన్ వన్‌టన్, జోంగా, అంతకంటే పాత విల్లీస్ బండ్లు కొన్నవాళ్లు తిప్పి తిప్పి అడిగే సందేహాలివి. వీటిలో చాలావాటికి మొదట ఉన్నది ఇంజిన్ పక్కన ఉండే మెకానికల్ పంపు. కరెంటు పంపు తర్వాత ఎవరో బిగించిందే, ఆ వైరింగ్ కూడా ఎవరి చేతివాటం వాళ్లదే. అందుకే "పంపు మారిస్తే సరిపోతుందా?" అంటే చాలాసార్లు సరిపోదు. పంపుకి కరెంటు అందుతోందా, ట్యాంకు నుంచి పెట్రోలు అందుతోందా, కార్బురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి ఇచ్చే భాగం) దాకా తోస్తోందా అన్నవి విడివిడిగా చూశాకే జేబులో చెయ్యి పెట్టాలి. ఇక్కడ చెప్పేదంతా కార్బురేటర్ ఉన్న పెట్రోలు బండ్ల గురించి. శక్తిమాన్ లాంటి డీజిల్ బండ్ల లెక్క వేరు.

## మొదలుపెట్టే ముందు

నా బండి 12 వోల్టులో 24 వోల్టులో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. ఎలా తేల్చుకోవాలి?

మోడల్ పేరు చూసి తేల్చకండి. వైర్‌లెస్ సెట్ల కోసం 24 వోల్టులతో వచ్చిన బండిని తర్వాతి యజమాని 12కి మార్చి ఉండొచ్చు. విల్లీస్ ఎంబీ అయితే ఫ్యాక్టరీ నుంచి 6 వోల్టులతోనే వచ్చింది. రెండు బ్యాటరీలు కనిపించినంత మాత్రాన 24 అనుకోవద్దు, వాటిని ప్యారలల్‌గా కలిపి ఉంటే 12 వోల్టులే. పంపు దగ్గరికి వచ్చే తీగ మీదే మీటరు పెట్టండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 లేదా 25.2 చుట్టుపక్కల చూపిస్తుంది, ఇంజిన్ నడుస్తుంటే 14 లేదా 28 చుట్టుపక్కల ఉంటుంది. ఛాసిస్‌కి బిగించింది నెగటివా పాజిటివా అన్నది కూడా అప్పుడే చూసి రాసిపెట్టుకోండి.

నా పంపు ఏ రకమో చూస్తే తెలుస్తుందా?

వింటే తెలుస్తుంది. "టక్, టక్" అని కొట్టుకుంటే లోపల కాయిల్, ప్లంజరో (ముందుకీ వెనక్కీ కదిలే కడ్డీ) డయాఫ్రమో (వంగే పల్చటి పొర) ఉన్న సోలినాయిడ్ రకం. ఆగకుండా "జుయ్" మంటే మోటారుతో తిరిగే రోటరీ రకం. టక్‌టక్ పంపు మనకి ఒక మేలు చేస్తుంది, దాని చప్పుడే సగం రోగం చెబుతుంది. కార్బురేటర్ నిండాక దెబ్బల మధ్య ఎడం పెరగాలి, లేదా పూర్తిగా ఆగాలి. రోటరీ పంపు నిండినా నిండకపోయినా తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి దానికి గేజీ పెట్టక తప్పదు.

పరీక్షలకి ఏమేం సామాను కావాలి?

మల్టీమీటరు, డీసీ ఆంపియర్లు చూపించే క్లాంపు మీటరు, 0 నుంచి 15 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) వరకూ చూపించే చిన్న ప్రెజర్ గేజీ, పైపు కొలతకి సరిపోయే టీ జాయింటు, రెండు మీటర్ల కొత్త పెట్రోలు హోసు, అరడజను క్లిప్పులు, గీతలున్న లీటరు లోహపు డబ్బా. ఒక చివర ఫ్యూజు పెట్టిన పొడవాటి జంపర్ తీగ, తీగలు అతికించిన 21 వాట్ల ఇండికేటర్ బల్బు (మీ బండి వోల్టులది) కూడా సిద్ధం చేసుకోండి. రాణిగంజ్‌లో ఒక పూట తిరిగితే ఇవన్నీ దొరుకుతాయి. 100 పీఎస్‌ఐ గేజీ అంటగడితే తీసుకోవద్దు. మనకి కావాల్సిన 3 పీఎస్‌ఐ దగ్గర దాని ముల్లు కదిలిందో లేదో కూడా తెలియదు.

ఇంట్లో షెడ్డులో చేసుకోవచ్చా? ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

తలుపులు మూసిన షెడ్డులో వద్దు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదే పాకుతూ దూరంగా ఉన్న స్టవ్వు దాకానో, పూజ గది దీపం దాకానో పోతుంది. ఆరుబయట, ఇంజిన్ చల్లారాక, పొడి రకం ఫైర్ సిలిండరు చేతికందేలా పెట్టుకుని, తోడుగా ఇంకొకర్ని ఉంచుకుని చేయండి. పైపు విప్పే ముందు బ్యాటరీ ఎర్త్ తీసేయండి. పెట్రోలు లోహపు డబ్బాలోకే పట్టండి, ఆ డబ్బాని ఒక తీగతో ఛాసిస్‌కి కలపండి. నీళ్ల బాటిల్లో పట్టే అలవాటు మానుకోవాలి, ప్లాస్టిక్ మీద చేరే స్టాటిక్ నిప్పురవ్వ చాలు. జంపర్ తీగ ఎప్పుడూ ముందు పంపు దగ్గర బిగించి, ఆ తర్వాతే బ్యాటరీ దగ్గర తగిలించాలి. రవ్వ పడితే అక్కడే పడుతుంది, పెట్రోలు దగ్గర కాదు.

## పంపు అసలు తిరగకపోతే

తాళం తిప్పితే పంపు నుంచి చప్పుడే రావట్లేదు. పంపు పోయినట్టేనా?

అప్పుడే తీర్పు చెప్పకండి. పంపుకి వచ్చే రెండు తీగలూ ఊడదీసి, ఫ్యూజున్న జంపర్‌తో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వండి, ఎర్త్ కూడా నేరుగా బ్యాటరీ నుంచే. పంపు లేచిందంటే తప్పు బండి వైరింగ్‌ది. లేవకపోతే కరెంటు ఉండగానే స్క్రూడ్రైవర్ పిడితో పంపు ఒంటి మీద మెల్లగా తట్టండి. తట్టగానే లేస్తే లోపల కార్బన్ బ్రష్షులో, పాయింట్లో (కరెంటుని కలిపి విడదీసే కాంటాక్టులు) అంటుకుపోయాయి. ఆ పంపుతో ఇల్లు చేరొచ్చు కానీ ఊరు దాటొద్దు. తట్టినా లేవకపోతే క్లాంపు మీటరు చూడండి. సున్నా ఉంటే లోపల తీగ తెగింది. ఎక్కువ ఆంపియర్లు లాగుతూ కదలకపోతే తుప్పో గమ్మో పట్టి బిగుసుకుంది, ఏళ్ల తరబడి యార్డులో నిలబడ్డ బండ్లలో ఇదే ఎక్కువ.

పంపు తీగ దగ్గర మీటరు సరిగ్గా 24 చూపిస్తోంది. అయినా పంపు ఎందుకు తిరగదు?

మీటరు పెద్దగా కరెంటు లాగదు కాబట్టి. తీగలో పదిహేను పోగులు తుప్పు పట్టి ఒక్క పోగే మిగిలినా మీటరుకి 24 కనిపిస్తుంది. పంపు రెండు మూడు ఆంపియర్లు అడగ్గానే ఆ వోల్టేజీ కూలిపోతుంది. అందుకే పంపు తీగలకి 21 వాట్ల బల్బు తగిలించి చూడండి, బ్యాటరీ దగ్గర ఎంత వెలుగు ఉందో ఇక్కడా అంతే ఉండాలి. మసగ్గా వెలిగితే దారిలో ఎక్కడో లోపం ఉంది. బల్బు వేడెక్కుతుంది కాబట్టి విప్పిన పెట్రోలు పైపు పక్కన ఈ పరీక్ష చేయకండి.

ఎక్కడ లోపమో పట్టాలంటే పంపు నడుస్తుండగా మీటరు ఒక ముల్లు బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది పంపు పాజిటివ్ మీద పెట్టండి. 12 వోల్టుల బండిలో అర వోల్టు, 24 వోల్టుల బండిలో ఒక వోల్టు దాటకూడదు. తర్వాత పంపు ఒంటికి, బ్యాటరీ నెగటివ్‌కి మధ్య కొలవండి, 0.2 వోల్టు దాటిందంటే ఎర్త్ బాలేదు. మిలిటరీ బండ్లకి ఛాసిస్ మీద పొర మీద పొర రంగు కొడతారు, ఆ రంగు మీదే పంపు బోల్టు బిగిస్తే ఎర్త్ ఎక్కడి నుంచి వస్తుంది? బోల్టు కింద లోహం మెరిసేదాకా గీకండి, లేదా 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ ఒకటి నేరుగా బ్యాటరీ దాకా లాగండి. రెండోదే మేలు.

రిలే "టిక్" మంటోంది, పంపుకి కరెంటు రాదు. ఎక్కడ చూడాలి?

రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చు, దాని కాళ్లకి నంబర్లు ఉంటాయి. టిక్ మందంటే 85, 86 కాళ్ల మధ్య కాయిల్ బాగానే ఉంది. 30వ కాలికి బ్యాటరీ నుంచి కరెంటు వస్తోందా, రిలే లాగినప్పుడు 87వ కాలి మీద బయటికి వస్తోందా చూడండి. 30లో ఉండి 87లో లేకపోతే లోపలి కాంటాక్టు కాలిపోయింది, రిలే మార్చడమే. 24 వోల్టుల బండిలో 12 వోల్టుల రిలే పెట్టిన కేసులూ తరచుగా తగులుతాయి. కొన్ని రోజులు పనిచేసి కాయిల్ మాడిపోతుంది. కాయిల్ ఓమ్స్ కొలిస్తే తెలిసిపోతుంది: 12 వోల్టులదైతే సుమారు 70 నుంచి 100 ఓమ్స్, 24 వోల్టులదైతే సుమారు 250 నుంచి 400.

ఫ్యూజు పదే పదే పోతోంది. పెద్ద ఫ్యూజు వేస్తే ఏమవుతుంది?

తీగ కాలుతుంది. పంపు తీగ ఊడదీసి కొత్త ఫ్యూజు వేయండి. అప్పటికీ పోతే తీగ ఎక్కడో ఛాసిస్ అంచుకి రాసుకుని ఎర్త్ అవుతోంది. ఫ్యూజు నిలబడితే పంపే ఎక్కువ లాగుతోంది. కార్బురేటర్ బండ్ల చిన్న పంపులకి 12 వోల్టుల్లో 10 ఆంపియర్ల ఫ్యూజు, 24లో 5 లేదా 7.5 ధారాళంగా సరిపోతుంది.

సెల్ఫ్ కొట్టి స్టార్ట్ చేస్తే కొన్ని సెకన్లు నడిచి చచ్చిపోతుంది. మళ్లీ కొడితే మళ్లీ అంతే. ఏంటిది?

పంపు లైన్లో ఆయిల్ ప్రెజర్ స్విచ్చు ఉండి ఉంటుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు పంపుకి కరెంటు సెల్ఫ్ వైపు నుంచి వస్తుంది, తాళం వదిలాక ఆయిల్ ప్రెజర్ స్విచ్చు ద్వారా రావాలి. ఆ స్విచ్చు పోతే ఇంజిన్ కార్బురేటర్లో ఉన్న కాస్త పెట్రోలూ తాగేసి ఆగిపోతుంది. స్విచ్చు రెండు తీగలూ తాత్కాలికంగా కలిపి చూడండి, ఇంజిన్ నిలబడితే స్విచ్చు మార్చండి. అలా కలిపే వదిలేయడం మాత్రం వద్దు. బండి బోల్తా కొట్టినా, పైపు తెగినా, ఇంజిన్ ఆగగానే పంపునీ ఆపేది ఆ స్విచ్చే. మీ బండిలో అది లేకపోతే పెట్టించుకోండి.

## పంపు తిరుగుతుంది, పెట్రోలు రాదు

పంపు టకటకా వేగంగా కొట్టుకుంటోంది, కార్బురేటర్‌కి చుక్క రావట్లేదు. లోపం పంపులోనా?

వేగంగా కొట్టుకుంటోందంటే దానికి తోయడానికి పెట్రోలు లేదు, గాలి పీలుస్తోంది. తేల్చుకోవడానికి ఒక పరీక్ష చాలు. ట్యాంకు నుంచి వచ్చే పైపు పంపు దగ్గర విప్పి, చుక్కలు కారకుండా మూసి, పంపు నోటికి కొత్త హోసు బిగించి శుభ్రమైన పెట్రోలు ఉన్న డబ్బాలో ముంచండి. డబ్బా నుంచి ధారగా వస్తే పంపు నిర్దోషి. లోపం ట్యాంకుకీ పంపుకీ మధ్య ఉంది.

అక్కడ వెతకాల్సినవి: ట్యాంకు లోపలి పీల్చే గొట్టం చివర జాలి మూసుకుపోవడం, ఆ గొట్టం పైన తుప్పు పట్టి చిల్లి పడటం (ట్యాంకు సగం దాటి ఖాళీ అయినప్పుడే ఇబ్బంది వస్తే ఇదే), పాత హోసు క్లిప్పు దగ్గర చీలడం, పంపు ముందు ఫిల్టరు నిండిపోవడం. పీల్చే వైపు చీలికలోంచి పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. తడి కనిపించలేదని ఆ వైపు బాగుందనుకోవద్దు. పంపు తర్వాత అడుగు పొడవు పారదర్శక హోసు కాసేపు పెట్టి చూస్తే బుడగలు కళ్లకి కనిపిస్తాయి, పరీక్ష అయ్యాక దాన్ని తీసేయాలి.

పంపు విప్పి బిగించాక తిరుగుతోంది కానీ తోయట్లేదు. తీగలు ఉల్టా అయితే ఇలా అవుతుందా?

మోటారు పంపు అయితే అవుతుంది. ఉల్టా కరెంటు ఇస్తే ఉల్టా తిరుగుతుంది, చప్పుడు మామూలుగానే ఉంటుంది. తీగలు మార్చి చూడండి. ఎలక్ట్రానిక్ టక్‌టక్ పంపుకి ఉల్టా ఇస్తే మాత్రం లోపలి సర్క్యూట్ పోయే ప్రమాదం ఉంది, మళ్లీ సరిచేసినా లేవకపోవచ్చు. ఒంటి మీద బాణం గుర్తు కూడా చూడండి, పైపులే తారుమారై ఉండొచ్చు.

మెకానిక్ పంపుని ఇంజిన్ దగ్గర పైన బిగించాడు. అక్కడ ఉంటే పర్వాలేదా?

పర్వా ఉంది. ఈ పంపులు తోయడంలో గట్టివి, పీల్చడంలో బలహీనమైనవి. ట్యాంకుకి దగ్గరగా, ట్యాంకు అడుగు మట్టానికి దగ్గర్లో, సైలెన్సర్ పైపుకి దూరంగా, రాళ్లు తగలని చోట బిగించాలి. పంపు ముందు ముతక జాలి ఫిల్టరు, పంపు తర్వాత సన్నటి కాగితం ఫిల్టరు. కాగితం ఫిల్టరు ముందు పెడితే అదే పంపు గొంతు నొక్కుతుంది.

రెండు ట్యాంకుల్లో ఒకదాని మీదే బండి నడుస్తుంది. పంపు పాడైందా?

లేదు. ఒక ట్యాంకు మీద బాగా నడిస్తే పంపు బాగున్నట్టే. ఒక ట్యాంకు నుంచి ఇంకోదానికి మార్చే కాక్ (కుళాయి), ఆ రెండో ట్యాంకు జాలి, దాని మూత గాలి రంధ్రం చూడండి.

## కొలతలు

ప్రెజర్ ఎంత ఉండాలి? ఎలా కొలవాలి?

మామూలు కార్బురేటర్‌కి 2.5 నుంచి 4 పీఎస్‌ఐ చాలు. కార్బురేటర్ నోటి దగ్గర టీ జాయింటు పెట్టి, గేజీ బిగించి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా పంపు మాత్రం నడపండి. ముల్లు లేచి ఒకచోట నిలబడాలి. 5 దాటితే కార్బురేటర్ నిండాక పెట్రోలుని ఆపే నీడిల్ వాల్వు దాన్ని ఆపలేదు, కార్బురేటర్ పొంగుతుంది, రెగ్యులేటర్ పెట్టాలి. 2 కంటే తక్కువుంటే పంపుకి అందే వోల్టేజీ చూడకుండా పంపుని తిట్టకండి.

ప్రెజర్ సరిగ్గా ఉంది కదా, పెట్రోలు ఎంత వస్తుందో కూడా కొలవాలా?

తప్పకుండా. ఫిల్టరు ముక్కాలు భాగం మూసుకుపోయినా, పెట్రోలు కదలనప్పుడు గేజీ పూర్తి ప్రెజర్ చూపిస్తుంది. అసలు సంగతి పారుదలలో బయటపడుతుంది. కార్బురేటర్ దగ్గర పైపు విప్పి, డబ్బాలోకి 30 సెకన్లు పట్టండి. అర లీటరు, అంటే నిమిషానికి లీటరు రావాలి.

ఆ లెక్క ఎలా వచ్చిందంటే: 3,956 సీసీ నిస్సాన్ ఇంజిన్ సుమారు 110 హార్స్‌పవర్‌ది, పూర్తి లోడు మీద గంటకి 35 లీటర్ల చుట్టుపక్కల తాగుతుంది. అంటే నిమిషానికి 0.6 లీటరు. ఎండకి, ఎత్తుకి, పంపు అరుగుదలకి కొంత మిగులు వేసుకుంటే లీటరు. విల్లీస్ లాంటి చిన్న ఇంజిన్‌కి అందులో సగం చాలు.

పంపు ఆపగానే గేజీ ముల్లు పడిపోతోంది. మంచిదా చెడ్డదా?

మెల్లగా దిగితే ఫరవాలేదు. టక్కున సున్నాకి పడితే పంపు లోపలి వాల్వు నిలబడట్లేదు, లేదా కార్బురేటర్ నీడిల్ కారుతోంది, లేదా ఎక్కడో లీకు. పంపు బయటి పైపుని ప్లాసుతో కాకుండా హోసు క్లాంపుతో నొక్కి చూడండి. గేజీ వైపు ప్రెజర్ నిలబడితే పంపు వాల్వుదే తప్పు. పొద్దున్నే స్టార్ట్ కావడానికి ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి రావడం కూడా దీని లక్షణమే.

## రోడ్డు మీద

మే నెల ట్రాఫిక్‌లో బండి ఆగిపోతుంది, చల్లారాక లేస్తుంది. పంపు వేడెక్కుతోందా?

వేడెక్కేది పంపు కంటే ముందు పైపులోని పెట్రోలు. హైదరాబాద్‌లో 42 డిగ్రీల ఎండ, కింద తారు రోడ్డు సెగ, పక్కన ఇంజిన్ పొగ బయటికొచ్చే మేనిఫోల్డు. పైపులో పెట్రోలు ఆవిరై అడ్డం పడుతుంది. పీల్చే పైపులో ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి అక్కడ తొందరగా మరుగుతుంది, తోసే పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఆలస్యంగా మరుగుతుంది. పంపు ట్యాంకు దగ్గర ఉంటే పొడవైన పైపంతా తోసే వైపుకి వస్తుంది. ఆ తర్వాత పైపుని ఎగ్జాస్ట్‌కి దూరంగా తిప్పండి, దాటక తప్పని చోట వేడి తగలని తొడుగు వేయండి. అప్పటికీ తగ్గకపోతే కార్బురేటర్ ముందు నుంచి ట్యాంకుకి 1.5 మిల్లీమీటర్ల రంధ్రమున్న అడ్డుతో రిటర్న్ లైను వేస్తే పెట్రోలు తిరుగుతూ చల్లగా ఉంటుంది.

అయితే రోడ్డు మీద ఆగినప్పుడే పంపు తీగల దగ్గర బల్బు పెట్టి చూడండి. కరెంటు ఉండి పంపు కదలకపోతే నిజంగానే వేడికి పంపు కాయిల్ తెగుతోంది. ఇది చల్లారాక దొరకదు.

ఊళ్లో బాగానే ఉంది, శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే అడ్డం పడుతోంది. ఎందుకు?

ఊళ్లో ఇంజిన్‌కి కావాల్సిన పెట్రోలు కొంచెమే, ఘాట్‌లో ఎంత ఇచ్చినా తాగుతుంది. పారుదల తక్కువైతే కార్బురేటర్ తొట్టి మెల్లగా ఖాళీ అవుతుంది. యాక్సిలరేటర్ వదిలి పది సెకన్లు ఆగితే మళ్లీ లాగిందంటే అదే సంగతి. ఫిల్టర్లు మార్చి, నిమిషానికి లీటరు వస్తోందో లేదో కొలవండి. ఇగ్నిషన్ లోపం ఇలా వదిలి వదిలి రాదు, ఎక్కువగా కొట్టుకుంటూ మిస్సవుతుంది.

పావుగంట నడిచాక ఆగిపోతుంది, ట్యాంకు మూత తీస్తే "ఉస్స్" మంటుంది. దీనికీ పంపుకీ సంబంధం ఏంటి?

మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. పెట్రోలు పోయినంత మేర గాలి లోపలికి రాకపోతే పంపు ఎంతసేపని లాగుతుంది? రంధ్రం శుభ్రం చేయండి లేదా గాలి రంధ్రమున్న మూత కొనండి. ఉస్స్ మనకపోయినా పావుగంటకే ఆగిపోతుంటే ట్యాంకులో తుప్పు రజను జాలి మీద పేరుకుంటోంది. ఆగాక అది కిందికి జారిపోతుంది, అందుకే కాసేపటికి దానంతటదే బాగవుతుంది. ట్యాంకు దించి కడిగించాలి. పెట్రోలు ట్యాంకుని వెల్డింగ్ షాపుకి నేరుగా తీసుకెళ్లొద్దు, ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం.

ఇంజిన్ ఆయిల్ మట్టం పెరుగుతోంది, పెట్రోలు వాసన వస్తోంది.

బండి ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకండి. పాత మెకానికల్ పంపుని తీయకుండా దాని గుండానే కరెంటు పంపు పెట్రోలు తోస్తుంటే, దాని డయాఫ్రమ్ చిరిగి పెట్రోలు సంపులోకి (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి) కారుతుంది. పల్చబడ్డ ఆయిల్ బేరింగులని తినేస్తుంది. మెకానికల్ పంపు తీసి, ఆ చోట గ్యాస్కెట్‌తో పలక బిగించి, ఆయిల్, ఆయిల్ ఫిల్టరు మార్చండి. మెకానికల్ పంపు ఎప్పుడో తీసేసి ఉంటే కార్బురేటర్ పొంగి సిలిండర్ల గోడల వెంట కారుతోందేమో చూడాలి.

ఇప్పుడు 20 శాతం ఇథనాల్ పెట్రోలే దొరుకుతోంది. పాత పంపు తట్టుకుంటుందా?

లోహం కంటే రబ్బరుకి కష్టం. పాత డయాఫ్రమ్, సీళ్లు, హోసులు ఉబ్బి మెత్తబడతాయి. హోసు లోపలి పొర ఊడి కవాటంలా అడ్డం పడితే బయటి నుంచి చూసి ఎవరూ కనిపెట్టలేరు. ఇథనాల్‌కి పనికొచ్చే ఆర్9 రకం హోసు వేయించండి. ఇంకోటి, ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది. బండి నెలల తరబడి నిలబడితే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి చేరతాయి, పంపు పీల్చేది అక్కడి నుంచే. తిప్పని బండిలో పాత పెట్రోలు ఉంచకండి.

## కొనేటప్పుడు

కొత్త కార్ల పంపు ఆటోనగర్‌లో చవకగా దొరుకుతోంది. అది పెట్టొచ్చా?

వద్దు. అవి ఫ్యూయల్ ఇంజెక్షన్ పంపులు, 40 పీఎస్‌ఐ దాటి తోస్తాయి. మన కార్బురేటర్‌కి పది రెట్లు ఎక్కువ. పైగా చాలావరకూ ట్యాంకులో మునిగి ఉంటేనే చల్లబడేవి.

24 వోల్టుల పంపు దొరకట్లేదు. ఒక్క బ్యాటరీ నుంచి 12 తీసుకుంటే?

పంపు నడుస్తుంది, బ్యాటరీలు చస్తాయి. ఒకటి ఎప్పుడూ తక్కువ ఛార్జీలో, రెండోది ఎప్పుడూ ఎక్కువ ఛార్జీలో ఉంటాయి. 24 నుంచి 12కి మార్చే 10 ఆంపియర్ల కన్వర్టర్ పెట్టి 12 వోల్టుల పంపు నడపండి. వరసలో రెసిస్టర్ పెట్టే ఉపాయం వద్దు, పంపు లాగే కరెంటు మారినప్పుడల్లా వోల్టేజీ మారుతుంది.

అమెరికన్ ఎం35ఏ2 వీడియోల్లో పంపు ట్యాంకులోనే ఉంది. మనమూ అలా చేయాలా?

అది వేరే ఇంజిన్. ఆ ట్రక్కుది మల్టీఫ్యూయల్ ఇంజిన్, ట్యాంకులోని 24 వోల్టుల పంపు ఇంజెక్షన్ పంపుకి ఇంధనం అందిస్తుంది. బయట బిగించేందుకు చేసిన పంపుని ట్యాంకులో ముంచడమంటే తీగల జాయింట్లని పెట్రోలులో ముంచడమే.

పాత పంపు విప్పి బాగు చేసుకోవచ్చా?

పాయింట్లున్న పాత రకం టక్‌టక్ పంపు అయితే మంచి పని. మూత తీసి, పాయింట్ల మధ్య సన్నటి ఎమెరీ కాగితం ఒకసారి లాగి, రజను తుడిచి, డయాఫ్రమ్ ఉబ్బిందో గట్టిపడిందో చూడండి. గట్టిపడితే వంచినచోట పగుళ్లు కనిపిస్తాయి, కొత్త డయాఫ్రమ్ ఉన్న రిపేరు కిట్టు వేయాలి. లోపలి వాల్వులని ఒక వైపు నుంచి నోటితో ఊది పరీక్షించే అలవాటు ఉంది, పెట్రోలు ఆరిపోయేదాకా ఆగి, సన్నటి గొట్టం పెట్టి చేయండి. ఒక దిక్కున గాలి పోవాలి, రెండో దిక్కున ఆగాలి. రోటరీ పంపులో బ్రష్షులు మార్చడం వరకూ ఫరవాలేదు, లోపలి గోడల మీద గీతలు పడితే ఇక కొత్తదే. చుట్టూ మడిచి సీలు చేసిన పంపుని కోసి అతికించే మిస్త్రీలు ఉన్నారు, వాళ్లకి దండం పెట్టి వచ్చేయండి.